మొబైల్ స్టార్టర్: ఏ మెసేజ్‌లు పెట్టుకోవాలి?

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారానికి మారింది. అయినా బత్తాయి, మామిడి రైతులకు రాత్రి ప్రయాణం తప్పలేదు. లోడు వెంట వచ్చిన రైతు మార్కెట్ నుంచే ఫోన్ చేసి తోటలో మోటారు వేయాలంటే, సిమ్ కార్డుతో పనిచేసే మొబైల్ స్టార్టర్ ఉపయోగపడుతుంది. అయితే అది పంపగలిగిన మెసేజ్‌లన్నీ పెట్టుకుంటే ముఖ్యమైనది కంటపడదు. ఈ నాలుగు చాలు.

1. ఫేజులు: ఒక ఫేజు పోతే మిగతా రెండింటిలో కరెంటు పెరిగి వైండింగ్ కాలిపోతుంది. వెంటనే మోటారు దానంతటదే ఆగిపోయే ఏర్పాటు స్టార్టర్‌లోనే ఉండాలి. మెసేజ్ మీకు కబురు మాత్రమే, మోటారును కాపాడదు.

2. వోల్టేజి: రెండు ఫేజుల మధ్య 415 వోల్టులు ఉండాలి. 390 కంటే తగ్గినా, 440 దాటినా మెసేజ్ వచ్చేలా పెట్టించండి.

3. ఆంపియర్లు: 'మోటారు ఆన్' అని వస్తే నీళ్లు పోస్తున్నట్టు కాదు. బోరులో నీళ్లు అడుగంటినా మోటారు తిరుగుతుంది, ఆంపియర్లు మాత్రం తగ్గుతాయి. నీళ్లు నిండుగా పోస్తున్నప్పుడు రీడింగ్ చూసి స్టార్టర్ పెట్టె మీద రాసుకోండి. దాన్నిబట్టి డ్రై రన్ కటాఫ్ పెట్టించండి. ఓవర్‌లోడ్ కటాఫ్ మోటారు నేమ్ ప్లేటు మీదున్న ఆంపియర్లను మించకూడదు.

4. సిమ్: రీఛార్జ్ గడువు తీరితే స్టార్టర్ మూగబోతుంది. మెసేజ్ రాలేదంటే అంతా బాగున్నట్టు కాదు. ఊరు దాటే ముందు ఒకసారి ఫోన్ చేసి చూడండి. సిమ్ కొనేముందు స్టార్టర్ 2జీదో 4జీదో అడిగి, బోరు దగ్గర ఆ సిగ్నల్ ఉన్న కంపెనీదే తీసుకోండి.

ఆటో మోడ్ వద్దు: తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం కోరింది. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారే మొదలైతే ట్రాన్స్‌ఫార్మర్‌పై భారం పడుతుంది, అవసరం లేకున్నా భూగర్భజలం ఖర్చవుతుంది. మొబైల్ స్టార్టర్‌ను కూడా ఆటోలో ఉంచకండి.

ప్రాణం జాగ్రత్త: మీరు బోరు దగ్గర వైరు పట్టుకుని ఉన్నప్పుడు, ఆ సంగతి తెలియక ఇంట్లోవాళ్లు ఫోన్ చేసి మోటారు వేయొచ్చు. అందుకే ఇద్దరి నంబర్లకే అనుమతి ఇవ్వండి. పని మొదలుపెట్టే ముందు మెయిన్ స్విచ్ ఆపి, ఫ్యూజు క్యారియర్లు మూడూ తీసి మీ దగ్గరే ఉంచుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ జోలికి మాత్రం వెళ్లకండి, లైన్‌మన్‌ను పిలవండి.