తటాకదోషము



మన సంఘము ఈ వార్షిక మహాసభయందు విద్యార్థి వసతిగృహ నిర్మాణమును ముఖ్యకార్యముగా గైకొన్నది. హైదరాబాదు నగర పరిసరములందు స్థలమొసగుటకు దాతలు స్వయముగా ముందునకు వచ్చుచున్నారు. ఇట్టి శుభసమయమున సంచిక కొక చరిత్రవ్యాసము వ్రాయుడని సంపాదకులు మమ్ము కోరిరి. స్థలనిర్ణయమునకు ముందు సభవారు విచారింపదగిన ప్రాచీన విషయమొకటి మా మనస్సున నుండుటచే దానినే విన్నవించుచున్నాము.

మన పూర్వులు తటాకమును సప్తసంతానములలో నొకటిగా నెంచిరి. పుత్రుడు, దేవాలయము, వనము, ప్రబంధము మున్నగువానితో సమానముగా చెరువు వంశకర్త పేరు నిలుపునని వారి విశ్వాసము. కాకతీయుల నాటి రామప్ప, పాకాల, లక్నవరము చెరువులు ఆ విశ్వాసమునకు నేటికిని సాక్ష్యమిచ్చుచున్నవి. అయితే చెరువు త్రవ్వించుట పుణ్యకార్యమనియే కాక, అదియొక శాస్త్రమనియు వారెరుగుదురు. కడప మండలమున పోరుమామిళ్ల చెరువును గూర్చి క్రీ. శ. 1369 నాటి సంస్కృత శాసనము కలదు. బుక్కరాయల కుమారుడగు భాస్కర భవదూరుడు ఆ చెరువును నిర్మింపజేసెను. వేయిమంది కూలివాండ్రు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేసినట్లు శాసనము చెప్పుచున్నది. అందు ఉత్తమ తటాకమునకు వలసిన పండ్రెండు సాధనములును, పరిహరింపదగిన యారు దోషములును పేర్కొనబడినవి.

ఆ దోషములివి: కట్టనుండి నీరూరుట, చౌటినేల, రెండు రాజ్యముల పొలిమేరయందుండుట, చెరువు నడుమ మిట్టయుండుట, నీరల్పమై పారవలసిన నేల విస్తారమగుట, నీరధికమై నేల యల్పమగుట. ఈ కడపటి దోషమే మా వ్యాసమునకు విషయము. శాసనకర్త ఆయకట్టు భూమి నుద్దేశించియే యీ మాట చెప్పెనని పండితులు వ్యాఖ్యానించిరి. ఆ యర్థమును గైకొన్నను భాగ్యనగర చరిత్రయందు ఈ దోషమెట్లు సంక్రమించెనో చూతము.

తెలంగాణ భూమి మిట్టపల్లముల రాతినేల. ఇచ్చటి చెరువులు గొలుసుకట్టుగా నిర్మింపబడినవి. పై చెరువు నిండి మత్తడి దుమికిన నీరు వాగువెంట క్రింది చెరువును జేరును. అదియు నిండిన దాని క్రింది దానిని జేరును. తూముద్వారా వెడలిన నీరు ఆయకట్టు మళ్లలో నిలిచి యింకును. ఇట్లు చెరువు గర్భము, వాగు, ఆయకట్టు మూడును నీటికి నెలవులే. ఒకదానిని తొలగించిన తక్కిన రెండింటిపై భారము పడును.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచెను. ప్రాణములు గోల్పోయినవారు 15,000 వరకు నుందురని చెప్పుదురు. అఫ్జల్‌గంజిలోని చింతచెట్టెక్కి 150 మంది బ్రతికిరి. ఆ వృక్షము ఉస్మానియా వైద్యశాల యావరణలోనిదే. పిమ్మట నిజాము ప్రభుత్వమువారు రావించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు నదీపరీవాహ ప్రదేశమును పరిశీలించి, అందు చదరపుమైలున కొక్కటి చొప్పున 788 చెరువులు కలవనియు, వానిలో 221 తెగినవనియు తెలిపిరి. పై చెరువు తెగిన దాని నీరంతయు క్రింది చెరువుపై బడును. గొలుసున నొక్క లంకె తెగిన తక్కినవి నిలువవు. నగరమునకు ఎగువన వరదనీటిని నిలుపు జలాశయములను నిర్మింపుడని ఆయన సలహా యిచ్చెను. దాని ననుసరించి 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము పూర్తియైనవి. నీటికి తగినంత చోటొసగుటయే ఆ మహనీయుని చికిత్స యని పాఠకులు గమనింతురుగాక.

తరువాతి తరములవారు ఆ చోటునే హరించిరి. మాసాబ్‌ట్యాంకు నేడు పేరునకే చెరువు, నీరు లేదు. ఆయకట్లు వీథులైనవి, వాగులు మురుగు కాలువలైనవి. రెండు సాగరముల రక్షణకై 1996లో 111వ ఉత్తర్వు వెలువడి 84 గ్రామములలో నిర్మాణములను కట్టడి చేసెను. 2022లో వెలువడిన 69వ ఉత్తర్వు ఆ కట్టుబాట్లను సడలించెను. 2000 ఆగస్టులో నగరము మునిగెను. 2020 అక్టోబరులో గగన్‌పహాడ్ కడ అప్ప చెరువు తెగి రాజమార్గమును ముంచెను. కొలది దినములకే బాలాపురము గుఱ్ఱము చెరువు తెగెను. వర్షము అధికముగా కురిసిన మాట నిజము. కాని కురిసిన నీరు పోవుటకు మడి లేదు, నిలుచుటకు గర్భము చాలదు. పోరుమామిళ్ల శాసనకర్త చెప్పిన యారవ దోషమిదియే. నాడు నిర్మాత యెరుకతో పరిహరించిన దోషమును నేడు మనము నిర్దుష్టములగు చెరువులకు తెచ్చిపెట్టితిమి.

ఇక మన సంగతి. వాగ్దత్తమైన స్థలములలో నొకదానిని మేము చూచి వచ్చితిమి. చదునైన నేల, బాటకు చేరువ, వెల మిక్కుటము. కాని యొక మూల తుంగ మొలచియున్నది; తూర్పున పాత మట్టికట్ట కానవచ్చుచున్నది. చెంతనున్న గ్రామవృద్ధు నడుగగా, "ఇది శిఖం భూమి సారూ, మంచిగ వానలు పడితే ఈడిదాంక నీళ్లుంటుండె" అనెను. పట్టా కలదని దాతగారు సద్బుద్ధితో చెప్పిరి. శిఖమునకు పట్టాయుండవచ్చును; అది నీరు తీసిన పిదప పైరు వేసికొను హక్కేకాని గృహనిర్మాణమునకు హక్కు కాదు. పది హెక్టారులును అంతకు మించిన చెరువులకు పూర్తి నీటిమట్టపు హద్దునుండి 30 మీటరులు, అంతకు చిన్నవానికి 9 మీటరులు విడువవలెనని 2012 నాటి నిర్మాణ నిబంధనలే శాసించుచున్నవి. ఇవన్నియు నటుంచి, పల్లెలనుండి వచ్చిన మన బిడ్డలు వర్షరాత్రి నిదురించు గది యచ్చట కట్టవచ్చునా యని యోచింపుడు.

కావున సభవారికి మూడు మనవులు. ఏ స్థలమునైనను స్వీకరించుటకు ముందు చెరువు హద్దుల పటమును తెప్పించి చూడవలెను. ఆ యూరి వృద్ధులను, నీరటికాండ్రను విచారింపవలెను. వానకాలమున నొకపరి స్వయముగా పోయి నీటిజాడ కనుగొనవలెను.

దాతగారు మమ్ము మన్నింతురుగాక. వారి దానమును కాదనుట మా యభిమతము కాదు. ఆ నేలను చెరువునకే విడిచి, కట్టకును తూమునకును మరమ్మతు చేయించినచో వారికి తటాకప్రతిష్ఠాఫలము సిద్ధించును. వసతిగృహమునకు మిట్టనేల చిన్నదైనను చాలును. దానికై మా శక్తికొలది చందా నీ సభయందే సమర్పించుచున్నాము.

స్వస్తి.