ప్రాంతీయ పరిశోధనకు భాషాభ్యాసమే పునాది: కడప, కర్నూలు అనుభవం

ఒక ప్రాంతపు చరిత్రను, సమాజాన్ని అక్కడి భాషలలోని ఆధారాల ద్వారా పరిశీలించడం ప్రాంతీయ అధ్యయనాల మూలసూత్రం. విశ్వవిద్యాలయాలలో ఇది ప్రత్యేక శాఖగా రూపొందడానికి శతాబ్దం ముందే ఈ పద్ధతి కడపలో ఆచరణలోకి వచ్చింది.

బ్రౌన్ కృషి

1798లో కలకత్తాలో జన్మించిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ మద్రాసులో తెలుగు అభ్యసించి, 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చారు. అనంతర కాలంలో ఇక్కడ బంగళా కొని, సొంత ఖర్చుతో పండితులను, లేఖకులను నియమించారు. ఒకే కావ్యానికి లభించిన పలు తాళపత్ర ప్రతులను పోల్చి, పాఠాన్ని పరిష్కరించి, శుద్ధప్రతి వ్రాయించడం వారి పద్ధతి. 1829లో వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో వెలువరించారు. వ్యాకరణం 1840లో, నిఘంటువులు 1852-54 మధ్య ప్రచురితమయ్యాయి. 1865లో ఆయన లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులయ్యారు.

బ్రౌన్ నివసించిన స్థలంలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి కృషితో గ్రంథాలయం వెలిసింది. 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత ఇది దాని నిర్వహణలో భాషా పరిశోధన కేంద్రంగా కొనసాగుతున్నది. కడప జిల్లా కైఫీయత్తులను సంపుటాలుగా ప్రచురించింది.

బహుభాషా ఆధారాలు

కడప ప్రాంతాన్ని నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి అప్పగించారు. కర్నూలు నవాబుల పాలన 1839లో ముగిసింది. అందువల్ల ఈ ప్రాంత చరిత్రకారునికి నవాబుల కాలపు పత్రాలకై పారశీకం, కంపెనీ రికార్డులకై ఆంగ్లం, కర్నల్ మెకంజీ సేకరింపజేసిన గ్రామ కైఫీయత్తులకై నాటి తెలుగు తెలిసి ఉండాలి. ఆంగ్ల రికార్డులనే ఆశ్రయిస్తే పాలకుల దృష్టి మాత్రమే లభిస్తుంది. చెరువు, గుడి, మాన్యాల గురించి గ్రామస్థులు చెప్పుకొన్న వృత్తాంతం కైఫీయత్తులలో ఉన్నది.

శిక్షణ సదుపాయాలు

కర్నూలులో 1947లో ఉస్మానియా కళాశాలను స్థాపించిన డాక్టర్ అబ్దుల్ హక్ పేరిట 2016లో ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పాటైంది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆగ్నేయాసియా, పసిఫిక్ అధ్యయన కేంద్రం వెలసింది. హైదరాబాదులో 1958లో ప్రారంభమైన ఆంగ్ల విద్యాసంస్థ 1972లో విదేశీ భాషలను చేర్చుకొని, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 నిబంధనల ప్రకారం పిహెచ్.డి. విద్యార్థులు కనీసం 12 క్రెడిట్ల కోర్సు పూర్తి చేయవలసి ఉన్నది. ఈ దశలోనే మూలభాషా పఠనం, లిపి పరిచయం, ప్రతుల పరిష్కరణలలో శిక్షణ లభిస్తే స్థానిక ఆధారాలు పరిశోధనకు అందుతాయి. చదవగలిగినవారు లేకుంటే, భద్రపరచిన పత్రం సైతం నిరుపయోగమే.