ధర్మపురి జిల్లాలో నిత్యం అక్కరకొచ్చే మొబైల్ యాప్‌లు, వెబ్‌సైట్లు

తమిళనాడు వాయవ్యాన, సేలం నుంచి బెంగళూరు వెళ్లే దారిలో ఉన్న ధర్మపురి జిల్లా 1965 అక్టోబరు 2న సేలం జిల్లా నుంచి విడిపడి ఏర్పడింది. 2004 ఫిబ్రవరిలో హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలు కృష్ణగిరి జిల్లాగా వేరయ్యాయి. మిగిలిన జిల్లా జనాభా 2011 లెక్కల్లో 15,06,843. అందులో ఐదింట నాలుగు వంతులకు పైగా పల్లెల్లోనే ఉంటారు. తమిళం మాట్లాడేవాళ్లే ఎక్కువ, పక్కనే తెలుగు, కన్నడం వినిపిస్తాయి. రేషను, కరెంటు బిల్లు, పట్టా, కులం సర్టిఫికెట్, బస్సు టికెట్ లాంటి పనులకు ఒకప్పుడు తాలూకాఫీసు చుట్టూ తిరిగేవారు. ఇప్పుడు వాటిలో చాలా భాగం ఫోనులోనే అవుతాయి, లేదా ఊళ్లోని ఈ-సేవై కేంద్రంలో అవుతాయి.

ఇక్కడి తెలుగు కుటుంబాల విషయంలో ఒక తేడా ఉంది. రాష్ట్ర ప్రభుత్వ యాప్‌లు, సైట్లు తమిళంలోనూ ఇంగ్లీషులోనూ ఉంటాయి. కేంద్ర ప్రభుత్వ యాప్‌లు చాలావరకు తెలుగులోనూ దొరుకుతాయి. ఇంట్లో పిల్లలు బడిలో తమిళం చదువుతారు. 2006లో తెచ్చిన తమిళ అభ్యాస చట్టం దాన్ని ఒకటో తరగతి నుంచే తప్పనిసరి చేసింది. పెద్దవాళ్లలో తెలుగు ఒక్కటే చదవగలిగినవాళ్లు, ఏ లిపీ రానివాళ్లు కూడా ఉన్నారు. అందువల్ల ఏ పనికి ఏ యాప్ అన్నదాంతో పాటు, అది ఏ భాషలో పలుకుతుంది, ఏ సంఖ్య అడుగుతుంది అన్నవి ముందే తెలిసి ఉండాలి. పని నిలిచిపోయేది ఎక్కువగా ఆ సంఖ్య దగ్గరే. రేషన్ కార్డు నంబరు, కరెంటు కనెక్షన్ నంబరు, సర్వే నంబరు, పట్టా నంబరు, ఆధార్‌తో కలిపిన మొబైల్ నంబరు ఇంట్లో ఒకచోట రాసి ఉంటే తాలూకాఫీసు ప్రయాణాలు సగానికి సగం తప్పుతాయి.

ఊరి పేరుతో చిక్కు

ఫోనులో తెలుగు లిపితో 'ధర్మపురి' అని వెతికితే మొదట కనిపించేది తెలంగాణలో గోదావరి ఒడ్డున ఉన్న నరసింహస్వామి క్షేత్రం కావచ్చు. అది జగిత్యాల జిల్లాలోది. అందుకే మ్యాపుల్లోనూ, కొరియర్ చిరునామాల్లోనూ తమిళనాడు ధర్మపురికి పిన్‌కోడు 636701 తప్పకుండా వేయాలి. వాహనం పనులకు వాడే పరివాహన్ సైటులో ఈ జిల్లా సంకేతం టీఎన్-29, పక్క కృష్ణగిరిది టీఎన్-24. పాత పత్రాలతో ఇంకో చిక్కు వస్తుంది. 2004కు ముందు రాసిన హోసూరు, కృష్ణగిరి దస్తావేజుల్లో జిల్లా పేరు ధర్మపురి అనే ఉంటుంది. కారిమంగలం, నల్లంపల్లి తాలూకాలు తర్వాత ఏర్పడ్డాయి కనుక అక్కడి పాత పత్రాల మీద వేరే తాలూకా పేరు ఉంటుంది. సైటులో వెతికేటప్పుడు మాత్రం ఇప్పటి పేర్లే ఎంచుకోవాలి.

ఈ-సేవై

తమిళనాడు ఈ-గవర్నెన్స్ ఏజెన్సీ నడిపే ఈ పోర్టల్లో ఆదాయం, కులం, నివాసం, వారసత్వం వంటి సర్టిఫికెట్లకు దరఖాస్తు చేస్తారు. ఒక్కో సేవకు ఒక్కో సంఖ్య ఉంది. కులం సర్టిఫికెట్ రెవ్-101, ఆదాయం సర్టిఫికెట్ రెవ్-103, ఇంట్లో మొదటి పట్టభద్రుడని ఇచ్చే సర్టిఫికెట్ రెవ్-104. ఈ చివరిది చదువుకునే పిల్లలున్న ఇంటికి డబ్బు మిగిల్చే కాగితం. తల్లిదండ్రులు, అన్నలు, అక్కలు ఎవరూ డిగ్రీ చదవని ఇంట్లో ఇంజనీరింగ్ వంటి వృత్తి విద్యల్లో చేరేవారికి దీనితో ట్యూషన్ ఫీజులో రాయితీ వస్తుంది. ప్లస్‌టూ ఫలితాలు వచ్చాక అందరూ ఒకేసారి దరఖాస్తు చేస్తారు కాబట్టి ముందు నెలల్లోనే తీసుకుని పెట్టుకోవడం మంచిది.

మొదటిసారి వెళ్లినవారికి క్యాన్ అనే గుర్తింపు సంఖ్య ఇస్తారు. మళ్లీ ఏ దరఖాస్తుకైనా అదే సంఖ్య చాలు. పేరు, చిరునామా కొత్తగా రాయక్కర్లేదు. దరఖాస్తు ఊరి పాలనాధికారి (వీఏఓ) దగ్గరికి, అక్కణ్ణించి రెవెన్యూ ఇన్‌స్పెక్టరుకు, చివరికి తహసీల్దారుకు కంప్యూటర్లోనే వెళ్తుంది. వచ్చే సర్టిఫికెట్ మీద డిజిటల్ సంతకం, క్యూఆర్ కోడు ఉంటాయి. మళ్లీ సిరా ముద్ర అవసరం లేదు. ఇంటి నుంచే లాగిన్ చేసి దరఖాస్తు పెట్టుకోవచ్చు. చేతకానివాళ్ల కోసం తాలూకాఫీసుల్లోనూ, పంచాయతీల్లోనూ, ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల్లోనూ కేంద్రాలున్నాయి. రెవెన్యూ సర్టిఫికెట్లకు అక్కడ తీసుకునే రుసుము 60 రూపాయలు. రసీదు అడిగి తీసుకోవాలి, దాని మీదున్న దరఖాస్తు నంబరుతోనే పని ఎంతదాకా వచ్చిందో ఫోనులో చూడవచ్చు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001లో ఈ-సేవ, 2011లో మీ-సేవ ఈ దారినే వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో 161 సేవలను వాట్సాప్‌లో మొదలుపెట్టింది, దాని నంబరు 95523 00009. కుప్పం, చిత్తూరు వైపు ఆస్తులో చుట్టాలో ఉన్న ధర్మపురి కుటుంబాలకు ఇది తెలిసి ఉండాలి, అటువైపు పనికి బస్సెక్కే ముందు ఒకసారి ఇందులో చూడవచ్చు.

భూమి పత్రాలు

జిల్లాలో అందరికీ ఎక్కువ అక్కరకొచ్చే సైటు రెవెన్యూ శాఖ ఈ-సర్వీసెస్. జిల్లా, తాలూకా, ఊరు ఎంచుకుని పట్టా నంబరుగానీ సర్వే నంబరుగానీ ఇచ్చి, ఫోనుకు వచ్చిన ఓటీపీ కొడితే పట్టా-చిట్టా నకలు తెరమీదకు వస్తుంది. ఏ-రిజిస్టరు నకలు, పొలం కొలతల పటం కూడా అక్కడే దొరుకుతాయి. రిజిస్ట్రేషన్ సంగతులు వేరే సైటులో, టీఎన్‌రెజినెట్‌లో ఉంటాయి. ఆ భూమి మీద అప్పు ఉందా, ఎవరికైనా అమ్మారా అని చెప్పే విల్లంగ పత్రాన్ని అందులో ఊరికే చూసుకోవచ్చు. ప్రభుత్వం కట్టిన మార్గదర్శి విలువ కూడా కనిపిస్తుంది.

పొలం కొనేవారు ఈ రెండు సైట్లనూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకదానిలో పట్టా అమ్మేవాడి పేరున ఉన్నంత మాత్రాన సరిపోదు. రెండోదానిలో ఆ సర్వే నంబరు మీద జరిగిన లావాదేవీలు దానితో కలవాలి. తండ్రి పేరున ఉన్న పట్టా అన్నదమ్ములు పంచుకున్నాక కూడా మారకుండా ఉండిపోయిన పొలాలు పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. గొడవ వచ్చిన తర్వాత కోర్టుకెక్కడం కంటే, అడ్వాన్సు ఇచ్చే ముందు అరగంట ఫోను చూడటం మేలు. సర్వే నంబరు కింద ఉపవిభాగం సంఖ్య ఉంటే దాన్నీ వేయాలి, లేకపోతే పక్కవాళ్ల పొలం వివరాలు వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో అడంగల్, 1-బీ చూడటానికి మీభూమి, తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి ధరణి స్థానంలో వచ్చిన భూభారతి ఇలాంటివే.

రేషను, మహిళల భృతి, కరెంటు

తమిళనాడులో 2017 నుంచి పాత రేషన్ పుస్తకాల బదులు స్మార్ట్ కార్డులు ఇచ్చారు. టీఎన్‌పీడీఎస్ సైటులో, యాప్‌లో కొత్త కార్డుకు దరఖాస్తు, పేరు చేర్పు, తీసివేత, చిరునామా మార్పు చేసుకోవచ్చు. అంగట్లో ఏ సరుకు ఎంత నిల్వ ఉందో కూడా చూడవచ్చు. తీసుకోని సరుకు తీసుకున్నట్టు మెసేజి వస్తే 1967కు ఫోను చేయాలి. పనికోసం బెంగళూరు వెళ్లి ఉండేవారికి కేంద్రం 2021లో తెచ్చిన మేరా రేషన్ యాప్ ఉపయోగపడుతుంది. దేశమంతా ఒకే రేషన్ పద్ధతి జాతీయ ఆహార భద్రత కార్డులకే వర్తిస్తుంది కాబట్టి తమ కార్డు ఏ రకమో ముందు చూసుకోవాలి.

ఇంటి మహిళకు నెలకు 1,000 రూపాయలిచ్చే కలైజ్ఞర్ మగళిర్ ఉరిమై తొగై పథకానికి నమోదు శిబిరాలను ముఖ్యమంత్రి స్టాలిన్ 2023 జులై 24న ఈ జిల్లాలోని తొప్పూరులోనే ప్రారంభించారు. ఆ సెప్టెంబరు 15 నుంచి డబ్బు జమ అవుతోంది. దరఖాస్తు ఏమైందో ఆ పథకం సైటులో ఆధార్ నంబరుతో తెలుసుకోవచ్చు. ఏ శాఖ మీదనైనా ఫిర్యాదుకు ముఖ్యమంత్రి సహాయ కేంద్రం నంబరు 1100. తమిళం రాయడం రానివారికి ఇది దారి, నోటితో చెబితే అవతలివారే రాసుకుంటారు.

కరెంటు బిల్లు రెండు నెలలకొకసారి వస్తుంది. ఇళ్లకు అందులో మొదటి 100 యూనిట్లు ఉచితం. కనెక్షన్ నంబరుతో విద్యుత్ సంస్థ యాప్‌లోగానీ, ఏ యూపీఐ యాప్‌లోనైనాగానీ కట్టవచ్చు. కరెంటు పోయినా, తీగ తెగినా 2021లో పెట్టిన మిన్నగం సేవ నంబరు 94987 94987.

సేద్యం, వాన, ఏరు

2018 ఏప్రిల్‌లో రాష్ట్రం విడుదల చేసిన ఉళవన్ యాప్ రైతుకు కావలసినవి చాలా ఒకచోట పెట్టింది. రాయితీకి నమోదు, విత్తనాలు, ఎరువుల నిల్వ, అద్దెకు ట్రాక్టరు, పంటల బీమా, మార్కెట్ ధర అన్నీ ఉన్నాయి. పాలక్కోడు వైపు టమోటా రైతుకు కోతకు ముందురోజు ధర తెలియడం చిన్న విషయం కాదు. కాయ చెట్టునే వదిలేయాల్సినంతగా ధర పడిపోయే రోజులు ఆ పంటలో ఉన్నాయి. అయితే యాప్‌లో కనిపించేది అప్పటికే జరిగిన అమ్మకాల ధర. రేపు ఎంత ఉంటుందో అది చెప్పదు, కనుక మండీలో తెలిసినవారికి ఒక ఫోను చేయడం కూడా అవసరమే. సందేహాలకు 22 భాషల్లో మాట్లాడే కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800 180 1551.

వాతావరణ శాఖ మేఘదూత్ యాప్ జిల్లాకు వాన అంచనాతో పాటు మంగళ, శుక్రవారాల్లో పంట సలహా ఇస్తుంది. పిడుగుల హెచ్చరికకు దామిని ఉంది. మేకలూ గొర్రెలూ కాసుకుంటూ ఆరుబయట ఉండేవారి ఫోనుల్లో ఇది తప్పకుండా ఉండాలి. హొగెనక్కల్ వెళ్లేవారు కావేరి నీటిమట్టం చూసుకుని బయల్దేరాలి. ప్రవాహం పెరిగితే పరిసళ్లు, అంటే మన పుట్టి పడవలు, నడపనివ్వరు, స్నానాలూ ఆపేస్తారు. కర్ణాటక నుంచి వచ్చే నీటిని కేంద్ర జల సంఘం బిలిగుండ్లు వద్ద కొలుస్తుంది. ఆ సంఘమే 2023లో ఫ్లడ్‌వాచ్ ఇండియా యాప్ తెచ్చింది.

ప్రయాణం

రైలు టికెట్ తీసేటప్పుడు ఇక్కడివారు రెండు స్టేషన్లను గుర్తుపెట్టుకోవాలి. ధర్మపురి స్టేషన్, సంకేతం డీపీజే, బెంగళూరు–సేలం మార్గంలో ఉంది, నైరుతి రైల్వే బెంగళూరు డివిజన్‌లోనిది. చెన్నై, జోలార్‌పేట వైపు నుంచి వచ్చే బళ్లకు దగ్గరి స్టేషన్ మొరప్పూరు, సంకేతం ఎంఏపీ, అది దక్షిణ రైల్వేది. రెండింటి మధ్య ఒకప్పుడున్న రైలు మార్గాన్ని రెండో ప్రపంచయుద్ధ కాలంలో తీసేశారు. మళ్లీ వేయడానికి 2019లో శంకుస్థాపన జరిగింది. విజయవాడ, చెన్నై నుంచి వచ్చే చుట్టాలు యాప్‌లో ధర్మపురి అని మాత్రమే కొట్టి 'బళ్లు లేవు' అనుకోవడం ఇందువల్లే. 2025 జులై నుంచి రైల్వన్ యాప్‌లో రిజర్వేషన్, సాధారణ టికెట్లు రెండూ దొరుకుతున్నాయి.

దూరపు బస్సులకు రాష్ట్ర రవాణా సంస్థ టీఎన్‌ఎస్‌టీసీ సైటు, యాప్ ఉన్నాయి. పల్లెకు వెళ్లే టౌన్ బస్సులకు ముందుగా టికెట్ ఉండదు. వాటిలో ఆడవాళ్లకు 2021 మే నుంచి ప్రయాణం ఉచితం.

తెలుగులో దొరికేవి

2017లో వచ్చిన ఉమంగ్ యాప్‌ను తెలుగులో పెట్టుకుని పీఎఫ్, పింఛను, గ్యాస్ పనులు చూసుకోవచ్చు. తిరుప్పూరు మిల్లుల్లో చేసి వచ్చినవారు తమ పీఎఫ్ మరిచిపోకుండా ఇందులో వెతకాలి. ఎం-ఆధార్, భీమ్ యాప్‌లకూ తెలుగు ఉంది. 2015లో మొదలైన డిజిలాకర్‌లో డ్రైవింగ్ లైసెన్సు, మార్కుల పత్రాలు ఉంచుకుంటే చట్టం వాటిని అసలు కాగితాలతో సమానంగా చూస్తుంది.

తమిళ నోటీసు చేతికొచ్చినప్పుడు గూగుల్ ట్రాన్స్‌లేట్ కెమెరాను దాని మీద పెడితే తెలుగులో సారం తెలుస్తుంది. 2011 నుంచి ఈ సేవలో తెలుగు, తమిళం రెండూ ఉన్నాయి. అచ్చు అక్షరాలకు బాగా పనిచేస్తుంది, చేతిరాతకు నమ్మలేం. భూమి, కోర్టు కాగితాల మీద మాత్రం యంత్రం అనువాదాన్ని నమ్మి సంతకం పెట్టకూడదు. తమిళం తెలిసిన మనిషి చేత చదివించుకోవాలి. 2022లో కేంద్రం తెచ్చిన భాషిణి కూడా ఇలాంటి సేవే.

డబ్బు, మోసాలు

'ఈ రాత్రి మీ కరెంటు కట్ చేస్తాం, వెంటనే ఈ నంబరుకు ఫోను చేయండి' అని వచ్చే మెసేజి తమిళనాడంతటా తిరిగిన మోసం. విద్యుత్ సంస్థ అలా మామూలు మొబైల్ నంబరు నుంచి బెదిరించదు. యాప్‌ను ప్లేస్టోర్ నుంచి దించుకునే ముందు దాన్ని తయారుచేసింది ఎవరని కింద చూడాలి. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫైలును యాప్ అనుకుని ఎక్కించుకోకూడదు. పథకం డబ్బు వేస్తామని ఓటీపీ అడిగినవారు ఎవరైనా సరే దొంగలే. డబ్బు పోతే సిగ్గుపడి దాచకుండా, బ్యాంకు తెరిచేదాకా ఆగకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును మధ్యలో ఆపే వీలు అంత ఎక్కువ. ఆపదలో పోలీసులకు 112, కావల్ ఉదవి యాప్ ఉన్నాయి, అంబులెన్సుకు 108.

బటన్ల ఫోను ఉన్నవారూ డబ్బు పంపుకోవచ్చు. రిజర్వు బ్యాంకు 2022 మార్చి 8న ప్రారంభించిన యూపీఐ 123పే సేవలో 080 4516 3666కు ఫోను చేసి, తమ బ్యాంకును ఎంచుకుని, పిన్ పెట్టుకుంటే ఇంటర్నెట్ లేకుండానే చెల్లింపు జరుగుతుంది. ఆ పిన్ ఇంట్లోవారికైనా చెప్పకూడదు. తొలిసారి పెట్టుకునేటప్పుడు డెబిట్ కార్డు దగ్గర ఉండాలి.