పల్నాటి పుంజు, మన ఇంటి పిల్లి



పల్నాడు అనగానే మనకు కోడిపుంజు గుర్తొస్తుంది. గురజాలలో నలగామరాజు పక్షాన నాయకురాలు నాగమ్మ, మాచర్లలో మలిదేవరాజు పక్షాన బ్రహ్మనాయుడు. 12వ శతాబ్దంలో ఆ దాయాదుల తగవు కోడిపందెం దాకా వచ్చిందనీ, ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచిపోవాలన్నది ఒప్పందమనీ, బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు చివరికి ఓడిందనీ వీరగాథ చెబుతుంది. ఆపైన కారంపూడి యుద్ధం. తప్పు నాగమ్మదా, బ్రహ్మనాయుడిదా అని మనం ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నాం. 1947లో ఒకటి, 1966లో ఒకటి సినిమాలూ వచ్చాయి. కాని ఆ ఆటలో పుంజుకి ఏం మిగిలిందని ఎవరైనా అడిగారా?

ఆట మనుషులది, పుంజు ఆటవస్తువు. దాన్ని బిడ్డకన్నా ముద్దుగా సాకి, మంచి తిండి పెట్టి, ఈత కొట్టించి, తీరా బరిలోకి దింపేటప్పుడు కాలికి కత్తి కడతారు. పెంపుడు జీవం కోసం మనవాళ్లు బుర్ర పెట్టి చేసిన పరికరం అదీ! వినుకొండ వల్లభరాయని పేరున ఉన్న క్రీడాభిరామంలోనూ ఓరుగల్లులో కోళ్ల పోరు, పొట్టేళ్ల పోరు జనానికి వినోదాలే. జంతువులను పోట్లాటకు దింపడం నేరమని 1960లో చట్టం వచ్చింది. అయినా సంక్రాంతికి ఏం జరుగుతుందో నేను చెప్పాలా?

పల్లెటూరి ఇళ్లలో జీవాల సరదాకి వేరే ఏర్పాటు అక్కర్లేకపోయింది. కోడి పెంటకుప్ప గీరుకునేది. మేకపిల్ల వేలాడగట్టిన కొమ్మ కోసం ముందుకాళ్లెత్తి నిలబడేది. పిల్లికి గాదె కింద ఎలకలు ఉండనే ఉన్నాయి. ఎటొచ్చీ పంజరంలో చిలకకే ఏ పనీ లేదు. పాపం, దానికో ఇనుప కమ్మీ కట్టి ఉయ్యాల అనేవాళ్లం. 1972 వన్యప్రాణి చట్టం, తర్వాతి సవరణల మూలంగా మన రామచిలకను పంజరంలో పెట్టడమే నేరమైంది. నాకైతే సంతోషమే.

ఇప్పుడు చిలక బాధ మేడమీది కుక్కకు వచ్చింది. గిన్నెలో పెట్టింది రెండు నిమిషాల్లో నాకేస్తుంది. తర్వాత పొద్దంతా ఏం చెయ్యాలి? చెప్పులు కొరుకుతుంది, మనం తిడతాం. 1963లో జెన్సెన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 200 ఎలకల మీద పరీక్ష చేశాడు. ఎదుట గిన్నెలో తిండి ఉన్నా, చాలా ఎలకలు మీట నొక్కి సంపాదించుకునే తిండికే వెళ్లాయట! 1970లలో అదే దేశంలో జో మార్కమ్ అనే ఆయన కుక్క రాళ్లు కొరికి పళ్లు పాడుచేసుకుంటుంటే, కారు రిపేరులో ఊడదీసిన రబ్బరు ముక్క దాని ముందు పడింది. అది దాన్ని వదల్లేదు. కాంగ్ అనే బోలు రబ్బరు బొమ్మ అలా పుట్టింది. లోపల తిండి కూరితే కుక్క గంటసేపు దానితోనే ఉంటుంది. పిల్లి చేత లేజరు చుక్కను తరిమించే పద్ధతికి 1995లో ఏకంగా పేటెంటే ఇచ్చారు. ఆ వెలుగు కంట్లో పడకూడదు సుమా. ఎంత తరిమినా చేతికి చిక్కదు గనక, చివర పిల్లికి ఏదో ఒకటి దొరకనివ్వండి. అన్నట్టు, 2021లో కాలిఫోర్నియాలో 17 పిల్లులను పరీక్షిస్తే అవి చాలావరకు ఊరికే వచ్చే తిండికే మొగ్గు చూపాయి. పిల్లి పిల్లే!

కొనక్కర్లేదు. ఖాళీ ప్లాస్టిక్ సీసాకి మూత, రింగు తీసేసి, రెండు మూడు కన్నాలు పెట్టి గింజల్లాంటి కుక్క మేత పోయండి. దొర్లించి రాల్చుకుంటుంది. సీసా కొరకడం మొదలెడితే మాత్రం తీసెయ్యండి. కోళ్లకు తోటకూర కట్ట వేలాడదీస్తే ఎగిరెగిరి పొడుస్తాయి. పిల్లికి అట్టపెట్టె చాలు. దారం మాత్రం వదలకండి, మింగితే పేగులకు చుట్టుకుంటుంది. ఎండలకు పేరుపడ్డ రెంటచింతల వైపు వాళ్లైతే, గిన్నెలో ఉప్పు వెయ్యని పెరుగు కొంచెం గడ్డకట్టించి కుక్క ముందు పెట్టండి. కరిగేదాకా నాకుతూ కూర్చుంటుంది. ఆ కాసేపూ మీరూ నడుం వాల్చొచ్చు.