భాండారము నుండి నాస్ పెట్టె వఱకు

గ్రంథమును వ్రాయుట ఒక యెత్తు, దానిని కాపాడుట మఱియొక యెత్తు. గ్రంథములు దాచు చోటిని మన పూర్వులు భాండారమనిరి. నేడు గృహములలోను, చిన్న వ్యాపారస్థలములలోను వాడుకకు వచ్చిన నెట్‌వర్క్ అటాచ్డ్ స్టోరేజ్, అనగా ‘నాస్’ అను పెట్టె, ఆ భాండారమునకు నేటి రూపమే. ఈ రెంటి చరిత్రను కలిపి చూచినచో తమిళనాటి తెలుగువారికి ఉపకరించు పాఠమొకటి తేలును.

తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనములను వారి వంశీయులు రాగిరేకులపై చెక్కించి, తిరుమల ఆలయమునందలి సంకీర్తన భాండారమున భద్రపఱచిరి. 1922 ప్రాంతమున ఆ రేకులు వెలికివచ్చువఱకు వాటిని చదివినవారు అరుదు. అన్నమయ్య రచించినవి 32,000 అని ప్రతీతి. దొరకినవి సుమారు 12,000. రాగి చెడలేదు, కాని తలుపు మూతపడినది, తప్పిపోయిన పాటలకు వేఱొకచోట ప్రతి దొరకలేదు. భాండారమునకు రెండు ధర్మములు కలవని దీనివలన తెలియును: చదువువారికి తలుపు తెఱచియుండవలెను, రెండవ ప్రతి మఱియొకచోట ఉండవలెను.

మొదటి ధర్మమును తంజావూరు సరస్వతీమహలు నెఱవేర్చినది. నాయకరాజుల కాలమున పుట్టి, రెండవ శరభోజి (1798–1832) పోషణమున పెరిగిన ఆ రాజభాండారము 1918లో ప్రజలపరమైనది. రెండవ ధర్మమును గృహమునందే నెఱవేర్చినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798–1884). ఆయన కడపలో తన బంగళాయందు పండితులకును లేఖకులకును జీతములిచ్చి, ఒక్కొక్క కావ్యమునకు పలు ప్రతులు తెప్పించి, సరిపోల్చి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఆయన సేకరించిన ప్రతులు పిమ్మట చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమునకు చేరినవి.

యంత్రభాండారపు చరిత్రలో ముఖ్యమైన సంవత్సరము 1956. ఆ యేట ఐబీఎం సంస్థ వెలువరించిన రామాక్ యంత్రపు డిస్కుబీరువాలో 50 పళ్లెములుండెడివి. వాటిలో పట్టునవి 50 లక్షల అక్షరములు మాత్రమే. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ ఎన్.ఎఫ్.ఎస్. అను పద్ధతిని తెచ్చి, వేఱొక యంత్రమందలి డిస్కును సొంత డిస్కువలె వాడుటకు వీలు కల్పించెను. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు, చౌక డిస్కులను జతపఱచి, ఒకటి చెడినను సమాచారము నిలుచునట్లు చేయు ‘రెయిడ్’ పద్ధతిని వివరించిరి. మూడు సంఖ్యల మొత్తము తెలిసినచో, చెఱిగిన సంఖ్యను మిగిలిన రెంటినుండి రాబట్టినట్లే ఇదియు. ఇట్టి పద్ధతులు కలిసి, ధర తగ్గి, ఇంటికి చేరినదే నాస్.

ఇది ఇంటిలోని రౌటరుకు తీగతో కలుపబడిన చిన్న కంప్యూటరు. లోపల రెండో నాలుగో డిస్కులుండును. ఇంటివారు తమ ఫోనులనుండి, ల్యాప్‌టాపులనుండి అన్నియు దానియందే దాచుకొందురు. దుకాణపు లెక్కలు యజమానికిని గుమాస్తాకును మాత్రమే కనబడునట్లును, పిల్లలు ఛాయాచిత్రములను చూడగలిగియు తుడిచివేయలేకుండునట్లును అనుమతులు నిర్ణయింపవచ్చును. మొదటి ధర్మమిట్లు నెఱవేరును.

కాని రెండవ ధర్మమును పెట్టె తనంత తాను నెఱవేర్పదు. ఇచటనే పెక్కుమంది పొరపడుదురు. జంట డిస్కులు రెండవ ప్రతి కావు. ఒకదానిలో తుడిచినది తోడనే రెండవదానిలోను చెఱిగిపోవును. 2017 మే నెలలో వనాక్రై అను దుష్టప్రోగ్రాము ప్రపంచమెల్ల ప్రాకి, ఆంధ్రప్రదేశపు పోలీసు కంప్యూటర్లను సైతము తాకినది. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనునది, ఇంటర్నెట్టుకు బహిరంగముగా తెఱచియున్న క్యూన్యాప్ నాస్ పెట్టెలలోని ఫైళ్లకు తాళము వేసి సొమ్మడిగినది. తలుపు ఇంటివారికి తెఱువవలెను గాని వీధికి గాదు. 2015 డిసెంబరులో చెన్నపట్టణమునకు వచ్చినట్టి వరద వచ్చినచో, ఒకే యింటనున్న డిస్కులన్నియు ఒక్కసారిగా నీటిపాలగును. కావుననే మూడు ప్రతులు, రెండు విధముల సాధనములు, ఒక ప్రతి వేఱొక ఊరిలో అను నియమము ఏర్పడినది.

ఈ పాఠము మనకేల? 2006 నాటి తమిళ బోధనాచట్టము ఒకటవ తరగతి మొదలుకొని క్రమముగా తమిళమును తప్పనిసరి చేసినది. అంతట తెలుగును నిలుపు భారము ఇంటిపై హెచ్చుగా పడినది. ధర్మపురి జిల్లాలో ఏ. పళ్లిపట్టి వంటి పల్లెలయందు పాత వాచకములు, ఉత్తరములు, ముసలమ్మల గొంతున నిలిచిన పెండ్లిపాటలు తెలుగు కుటుంబములవద్దనే కలవు; పెద్దవారితోడను, చెడిన ఫోనులతోడను అవి నశించుచున్నవి.

వాటిని ఫొటో తీసియు, గొంతు పట్టియు నాస్‌లో దాచుట సులభము. 1991 నుండి యూనికోడులో తెలుగు లిపికి చోటున్నది గనుక, ఫైలు పేరును తెలుగుననే, ఊరు, ఇంటిపేరు, సంవత్సరము చేర్చి వ్రాసినచో మనుమలు వెదకి తీయగలరు. డిస్కునకు రాగిరేకంత ఆయువు లేదు. కొన్నియేండ్లకే మార్చవలసి వచ్చును. పెట్టె ఒక యింట, ప్రతి పొరుగూరి బంధువుల యింట, నెలకొకసారి సరిచూచు బాధ్యత ఒకరిపైన ఉండిన చాలును. మన సంఘములు ఒక్కొక్క ఊర ఇట్టి పని ఒకటి ఈ యేడే మొదలిడవలెనని నా ప్రార్థన.