వంతెన లేని రాచబాట

జపాన్‌లో షిజుఒకా ప్రాంతం మీదుగా పసిఫిక్‌లో కలిసే ఓయి నదిని, సైనిక పాలకులైన తొకుగవ షోగన్ల కాలమంతా బాటసారులు మనుషుల భుజాల మీదే దాటారు. చక్రవర్తి ఉండే క్యోటో నుంచి షోగన్ ఉండే ఎడోకు, అంటే నేటి టోక్యోకు, వెళ్లే టోకైడో ఆ దేశంలో అన్నిటికన్నా ముఖ్యమైన బాట. అయినా ఆ నది మీద వంతెన లేదు, పడవ వేసే వీలూ లేదు. షిమడ ఒడ్డున చీటీ కొనాలి. ఆ రోజు నీళ్లు నడుము దాకానా, భుజాల దాకానా అన్నదాన్ని బట్టి చీటీ వెల. డబ్బున్నవాళ్లు నలుగురు మోసే పలక మీద కూర్చునేవారు. లేనివాళ్లు ఒక కూలీ మెడ మీదికెక్కి, తల పట్టుకునేవారు. నది పొంగితే రేవు మూసేవారు. నీళ్లు తీసేదాకా ఈ ఒడ్డున షిమడ, ఆ ఒడ్డున కనయ సత్రాల్లో పడిగాపులే.

ఎడో రక్షణ కోసమే వంతెన కట్టనివ్వలేదని చాలాకాలంగా చెప్పుకుంటున్నారు. నది ఉధృతి, రేవు ఆదాయం మీద బతికే రెండు ఊళ్ల పట్టుదల కూడా కారణాలే. షోగన్ల తర్వాత వచ్చిన కొత్త ప్రభుత్వం 1870లో ఈ మోత పద్ధతిని ఎత్తేయడంతో వందల కుటుంబాలకు కూడు పోయింది. వాళ్లలో కొందరూ, కొలువులు పోయిన సమురాయ్‌లూ పక్కనున్న మకినొహర పీఠభూమిని చదును చేసి తేయాకు వేశారు. ఇప్పుడు జపాన్‌లో పేరుమోసిన తేయాకు తోటల్లో అవీ ఉన్నాయి. తోటలకు వెళ్లడానికి 1879లో ఈ నది మీదే కట్టుకున్న హొరాయి వంతెన దాదాపు 900 మీటర్ల పొడవు. తర్వాత స్తంభాలను కాంక్రీటుతో మార్చారు గానీ నడిచే పలకలు నేటికీ చెక్కవే.

టోకైడో మీద మజిలీ ఊళ్ల వ్యవస్థను 1601లో తొకుగవ ఇఎయసు ఏర్పాటు చేశాడు. దాదాపు 500 కిలోమీటర్లు, 53 మజిలీలు. నడిస్తే ఇంచుమించు రెండు వారాలు. వేసింది జనం సుఖం కోసం కాదు, అదుపు కోసం. 1635 నుంచి సామంతులు వంతులవారీగా ఎడోలో ఉండి తీరాలి. భార్యాబిడ్డలనైతే అక్కడే ఉంచేయాలి. అందుకే హకొనె తనిఖీ ద్వారం దగ్గర ఎడో నుంచి బయటికి వెళ్లే ఆడవాళ్ల మీద అంత నిఘా. హమన సరస్సు ఒడ్డున అరయిలో ఎడో కాలపు తనిఖీ భవనం ఇప్పటికీ నిలిచి ఉంది.

ఆ కాపలా బాటనే జనం తమ సరదాల బాటగా మార్చుకోవడం ఈ చరిత్రలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునే సంగతి. రైతు ఊరు దాటాలంటే అనుమతి పత్రం కావాలి. ఇసె క్షేత్రానికి వెళతానంటే మాత్రం కాదనడం అధికారులకు కష్టం. ఊరివాళ్లంతా మన చీటీల్లాగే తలా కాస్త పోగేసి, లాటరీ తీసి, పేరు వచ్చినవాళ్లను పంపేవారు. దైవదర్శనం మొక్కు తీర్చుకోవడానికి, దారి పొడవునా రుచులు, వింతలు తమ కోసం. 1830లో ఒక్కసారిగా లక్షల మంది ఇసె దారి పట్టారు. ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిందీ అదే ఏడాది.

ఈ బాట మీద పుస్తకాలూ బొమ్మలూ బాగా అమ్ముడయ్యాయి. జిప్పెన్ష ఇక్కు 1802 నుంచి రాసిన హాస్య యాత్రాకథల్లో ఇద్దరు పోకిరీ బాటసారులు ఈ దారంతా తిరుగుతారు. 1833 ప్రాంతంలో హిరోషిగె మజిలీ మజిలీకి ఒక చిత్రం అచ్చు వేయించాడు. మరికొ మజిలీ బొమ్మలో గడ్డికప్పు పూటకూళ్ల ఇంటి ముందు ఇద్దరు కూర్చుని తింటుంటారు. అక్కడి చోజియ అనే హోటల్ 1596లో మొదలైనదని చెబుతారు. ఈనాటికీ అన్నం మీద పెండలం గుజ్జు పోసి పెడుతోంది.

1964 అక్టోబర్ 1న, ఒలింపిక్స్‌కు తొమ్మిది రోజుల ముందు, చాలావరకు ఈ దారినే షింకన్సెన్ రైలు గంటకు 210 కిలోమీటర్ల వేగంతో పరుగందుకుంది. దాని పేరూ టోకైడోనే. ఇప్పుడు టోక్యో నుంచి క్యోటోకు రెండుంబావు గంటలు. పర్యాటక సంస్థలు టోక్యోను కొత్త జపాన్‌గా, క్యోటోను పాత జపాన్‌గా అమ్ముతాయి. ఆ విభజన తప్పని నా అభిప్రాయం. రెండూ కలిసే చోటు నడుమ ఉంది, వేగపు రైళ్లు చాలావరకు అక్కడ ఆగకుండా పోతాయి. అన్ని స్టేషన్లలోనూ ఆగే కొదమ రైలెక్కి దిగుతూ వెళ్లాలి. హకొనెలో షోగన్లు పరిపించిన రాళ్ల బాట, దేవదారు చెట్ల వరస ఇంకా ఉన్నాయి. సత్త కనుమ ఎక్కితే హిరోషిగె గీసిన ఫుజి పర్వతమే కనిపిస్తుంది, కింద మాత్రం రైలు పట్టాలు, జాతీయ రహదారి, ఎక్స్‌ప్రెస్‌వే కడలి అంచున పక్కపక్కనే ఇరుక్కుని సాగుతాయి. ఓపికున్నవాళ్లు సెకి మజిలీ దాకా వెళ్లాలి. అక్కడి పాత ఇళ్ల వరస దాదాపు రెండు కిలోమీటర్లు, వాటిలో జనం కాపురాలుంటున్నారు.

యొక్కయిచి దగ్గర టోకైడో నుంచి ఇసె దారి చీలుతుంది. ఇసె గుళ్లను 20 ఏళ్లకొకసారి పక్క స్థలంలో కొత్త కలపతో, పాత పద్ధతిలోనే మళ్లీ కడతారు. పెద్ద వడ్రంగులు చిన్నవాళ్లకు పని నేర్పడం ఆ కట్టడంలోనే జరిగిపోతుంది. 1,300 ఏళ్ల నాటి ఆచారం, యుద్ధాల కాలంలో చాలా ఏళ్లు ఆగినా మళ్లీ అందుకున్నారు. కిందటిసారి 2013లో జరిగింది. 2033లో మళ్లీ వస్తుంది, దానికి కలప నరికే క్రతువులు 2025లోనే మొదలయ్యాయి. జపాన్ ప్రయాణం ఎప్పుడన్నది ఇంకా తేల్చుకోనివాళ్లు ఆ ఏడాదిని లెక్కలోకి తీసుకోండి. కొత్త గుడీ పాత గుడీ పక్కపక్కనే నిలిచి కనిపించేది అప్పుడు మాత్రమే.