ఉనామిర్ (రువాండాలో ఐక్యరాజ్యసమితి సహాయ దళం)

అరకొర బలగంతో శాంతిదళం ఎంత చేయగలదో, ఎక్కడ నిస్సహాయమవుతుందో రెండూ చూపిన మిషన్. భద్రతా మండలి 872వ తీర్మానంతో 1993 అక్టోబరులో ఏర్పడింది. దళపతి కెనడాకు చెందిన రోమియో డాలేర్. మొజాంబిక్ మిషన్ నుంచి ఎనిమిది సాయుధ శకటాలు వచ్చాయి. వాటిలో నడిచేవి ఐదే. 1994 ఏప్రిల్ 7న పదిమంది బెల్జియం సైనికులు హతులయ్యారు, ఆ దేశం తన బలగాన్ని వెనక్కి పిలిపించుకుంది. రువాండాలో టుట్సీల ఊచకోత సాగుతుండగానే, ఏప్రిల్ 21న, మండలి దళాన్ని 270 మందికి కుదించింది. క్షమించరాని నిర్ణయమిది.

అయినా ఘనా సైనికులు సహా దాదాపు 450 మంది కదలకుండా నిలిచారు. కిగాలిలోని అమహోరో స్టేడియంలో తలదాచుకున్న వేలమందికి వీరే కాపలా. సెనెగల్ కెప్టెన్ ఎంబాయ్ డియాన్ నిరాయుధ పరిశీలకుడు. ప్రాణభయంతో దాక్కున్నవాళ్లను కొద్దిమంది చొప్పున తన వాహనంలో ఎక్కించుకుని, దారిపొడవునా ఉన్న మిలీషియా తనిఖీ కేంద్రాల దగ్గర సిగరెట్లు పంచి, నవ్వుతూ నచ్చజెప్పి దాటించేవారు. అలా వందలమంది బతికారు. మే 31న మోర్టారు గుండు పేలి ఆయన మరణించారు. అసాధారణ సాహసానికి ఇచ్చే ఐరాస పతకాన్ని 2014లో ఆయన పేరిట నెలకొల్పారు.